అర్ధరాత్రి లైబ్రరీలో కెమెరా

చదవడాన్ని టీవీలో చూపించడం కష్టం. ఒక మనిషి కూర్చుంటాడు, పేజీ తిప్పుతాడు, అంతే. వాడి లోపల ఎన్ని రాజ్యాలు కూలినా బయటికి ఏమీ కనపడదు. అందుకే టీవీ డ్రామా రాత్రిపూట లైబ్రరీలో అడుగుపెట్టిందంటే, అక్కడి నిశ్శబ్దాన్ని ఏదో ఒకటి చేసి చెడగొడుతుంది.

1997లో మొదలైన అమెరికన్ సిరీస్ 'బఫీ ద వాంపైర్ స్లేయర్' చూడండి. రాక్షసులతో యుద్ధానికి స్కూలు లైబ్రరీయే స్థావరం. మామూలు పిల్లలు అటువైపు పెద్దగా రారు కాబట్టే అది రహస్యానికి పనికొచ్చింది! దాని కింద నరకద్వారం. 1999లో, మూడో సీజన్ చివర, హీరోలే దాన్ని పేల్చేస్తారు. 2008లో బ్రిటిష్ సిరీస్ 'డాక్టర్ హూ' ఏకంగా గ్రహమంత లైబ్రరీని చూపించింది. మనుషులెవరూ కనపడరు. చీకట్లో నీడలు మాంసం తినేస్తాయి. పుస్తకాల కాగితం కోసం నరికిన అడవుల్లోంచి పుట్టిన జీవులవి.

ఈ భయాలన్నిటికంటే చాలా ముందే, 1961 జూన్ 2న, 'ద ట్విలైట్ జోన్' వేరే పని చేసింది. రాడ్ సెర్లింగ్ రాసిన 'ది అబ్సొలీట్ మ్యాన్'లో ప్రభుత్వం పుస్తకాల్ని నిషేధిస్తుంది. వర్డ్స్‌వర్త్ అనే లైబ్రేరియన్ ఇక పనికిరాని మనిషని మరణశిక్ష వేస్తుంది. ఎలా చావాలో, ఎక్కడ చావాలో ఎంచుకునే వీలు మాత్రం ఇస్తుంది. అతను తన గదినే ఎంచుకుంటాడు. సమయం అర్ధరాత్రి. దేశమంతా టీవీలో చూడాలంటాడు. లైబ్రరీలు పోయాక మిగిలిన ఆఖరి లైబ్రరీ ఆ పుస్తకాల గదే.

చూడ్డానికొచ్చిన ఛాన్సలర్‌ని లోపలే ఉంచి తలుపు తాళం వేస్తాడు. బాంబు పేలడానికి ఇంకా టైముంది. వర్డ్స్‌వర్త్ దాచుకున్న బైబిల్ తీసి చదువుకుంటాడు. అధికారం ఉన్నవాడు చెమటలు కక్కుతాడు. పుస్తకం ఉన్నవాడు కూర్చోగలుగుతాడు. అంతే డ్రామా. చివరి నిమిషంలో ఛాన్సలర్ దేవుడి పేరు చెప్పి బతిమాలితే, వర్డ్స్‌వర్త్ తలుపు తీసి వదిలేస్తాడు. తను మాత్రం గదిలోనే ఉండిపోతాడు.

సరిగ్గా ఇరవై నాలుగు రోజుల ముందు, మే 9న, అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ అధ్యక్షుడు న్యూటన్ మినో టీవీని పెద్ద బీడుభూమి అని తిట్టాడు. ఆ బీడులోనే ఒక రాత్రి కెమెరా కదలకుండా నిలబడి, ఒక మనిషి చదువుకోవడాన్ని చూపించింది. చదివేవాడు ఎందుకు ప్రమాదకరమో ఆ కాసేపట్లో అర్థమైపోతుంది: ఒంటరిగా ఉండటానికి వాడు భయపడడు.