తుప్పు పట్టిన చాకుని చదవడం ఎలా? ఒపినెల్ కథ

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. జేబులో పట్టే ఒక మడత చాకు ఉంది. పిడి నల్లబడి, అలుగు తుప్పు పట్టి, తెరవబోతే గోరు విరిగేంత బిగుసుకుపోయిన చాకు. ఇలాంటిది దొరికితే మనలో చాలామంది రెండు పనుల్లో ఒకటి చేస్తాం. పారేస్తాం, లేదా మిషన్ మీద పెట్టి తళతళా మెరిపిస్తాం. రెండూ వద్దంటాను. ఎందుకో చెప్పాలంటే ముందు దాని పుట్టుక చెప్పుకోవాలి.

ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల దగ్గర సవోయ్ అనే ప్రాంతం ఉంది. 1860లో అది ఫ్రాన్స్‌లో కలిసింది. అక్కడి మోరియెన్ లోయలో ఒపినెల్ అనే కమ్మరి కుటుంబం గొడ్డళ్ళు, కొడవళ్ళు చేసేది. మంచి పనిముట్లని చుట్టుపక్కల పేరు. ఆ ఇంట్లో 1872లో పుట్టిన జోసెఫ్‌కి 18 ఏళ్ళప్పుడు, అంటే 1890లో, స్నేహితుల కోసం చిన్న మడత చాకు చేయాలనిపించింది. గొడ్డళ్ళు చేసే కొలిమిలో చాకులేంటని తండ్రికి పెద్దగా నచ్చలేదు. కుర్రాడు ఆగలేదు.

1897కల్లా 1 నుంచి 12 దాకా పన్నెండు సైజులు తయారయ్యాయి. తర్వాత చెక్క పిడులు చేసే యంత్రాన్ని జోసెఫ్ తనే తయారు చేసుకున్నాడు. ఊరూరూ తిరిగి అమ్మేవాళ్ళని పెట్టాడు. షాంబెరీ రైల్వే స్టేషన్ దగ్గర చిన్న కొట్టు తెరిచాడు. అసలు మలుపు ఇదే. రైల్వే కార్మికులు ఆ చాకు కొనుక్కుని, రైలు వెళ్ళిన ప్రతి చోటికీ దాన్నీ, దాని పేరునీ తీసుకెళ్ళారు. యాడ్స్ లేకుండా వైరల్ అయిందన్నమాట!

1909లో ట్రేడ్‌మార్క్ నమోదు చేశారు. కిరీటం కింద ఆశీర్వదిస్తున్న చెయ్యి. ఆ చెయ్యి దగ్గరలోని సెయింట్ జాన్ ద మోరియెన్ పట్టణం చిహ్నం నుంచి వచ్చింది. బాప్తిస్మమిచ్చే యోహాను వేలి ఎముకలు అక్కడ ఉన్నాయని భక్తుల నమ్మకం. కిరీటం సవోయ్ డ్యూకులది. అంటే అలుగు మీద బొటనవేలంత ముద్రలో ఒక ప్రాంతం చరిత్ర మొత్తం ఉంది.

ఇంత సాదా చాకు నూరేళ్ళు దాటి ఎలా నిలిచింది? దాని భాగాలు లెక్కపెట్టండి. చెక్క పిడి, అలుగు, ఒక రివెట్, పిడి మూతికి ఒక లోహపు కట్టు. అంతే. ఆ కట్టు మన రోకలికి వేసే పొన్ను లాంటిది, చెక్క చీలిపోకుండా పట్టుకుంటుంది. 1955లో మార్సెల్ ఒపినెల్ ఐదో భాగం చేర్చాడు. ఆ కట్టు మీద తిరిగే ఇంకో రింగు. దాని పేరు విరోబ్లాక్. చాకు తెరిచి రింగు తిప్పితే అలుగు వేళ్ళ మీదకి మూసుకోదు. 2000లో దాన్నే కొంచెం మార్చి, మూసినప్పుడు కూడా లాక్ పడేలా చేశారు.

ఇప్పుడు పాత చాకుని చేతిలోకి తీసుకోండి. 6 నంబరు, అంతకన్నా పెద్ద సైజు అనుకుందాం. తిరిగే రింగు అసలు లేని తయారీ అయితే 1955కి ముందుది కావచ్చు. రింగు ఉండి, మూసినప్పుడు లాక్ పడకపోతే 2000కి ముందుది. 1 లేదా 11 నంబరు పాతది దొరికిందా? జాగ్రత్త, ఆ రెండు సైజులూ 1935లోనే ఆపేశారు. అలుగు మీద ఇనాక్స్ అని ఉంటే స్టెయిన్‌లెస్ స్టీలు. అలుగు ఒకవైపే అరిగిందా? వాడినవాళ్ళు ఎన్నేళ్ళు ఎలా సాన పట్టారో అది చెప్తుంది. ఇదంతా రాతపూర్వక ఆధారమే, కాకపోతే ఇనుము మీద రాసి ఉంది. మిషన్ పెట్టి ఆ ముద్ర అరగదీశారంటే, శాసనాన్ని ఉలితో చెక్కేసినట్టే.

అందుకే మొదటి పని ఫోన్ తీసి అన్ని వైపులా ఫొటోలు తియ్యడం. ఆ తర్వాతే బాగుచేయడం.

అలుగు మీద రెండు రకాల మచ్చలుంటాయి. ఎర్రగా, వేలికి అంటే పొడి తుప్పు. అది తేమని పట్టుకుని లోపలికి తింటూ పోతుంది, తీసెయ్యాలి. నల్లగా, బూడిద రంగులో, గట్టిగా అతుక్కున్న పొర వేరు. పళ్ళు, ఉల్లిపాయలు కోసి కోసి వచ్చిన రంగు అది. ఎర్ర తుప్పుని కొంత అడ్డుకుంటుంది, ఉంచెయ్యండి. నూనె వేసి సన్న ఎమరీ పేపర్‌తో అలుగు పొడవునా రుద్దండి. ముద్ర జోలికి వెళ్ళొద్దు.

తెరుచుకోవడం లేదంటే కారణం చాలాసార్లు తుప్పు కాదు, చెక్క. వానాకాలంలో మన తలుపులు బిగుసుకుంటాయే, అదే సంగతి. సవోయ్ వాళ్ళకి దీనికో చిట్కా ఉంది, పిడి వెనక చివరని గట్టి బల్లకేసి కొడితే అలుగు కొంచెం బయటికొస్తుంది. నీడలో కొన్నాళ్ళు ఆరనివ్వండి, ఎండలో పెడితే పగులుతుంది. ఇంకా బిగుతుగా ఉంటే అలుగు కూర్చునే గాడిలో గరుకు కాగితం మడిచి కొంచెం రుద్దండి.

తిరిగే రింగుని సర్‌క్లిప్ ప్లయర్‌తో అవసరమైనంతే విప్పి తియ్యండి, ఎక్కువ సాగితే మళ్ళీ బిగుసుకోదు. అలుగు ఊగుతుంటే రివెట్‌ని ఇనుప దిమ్మె మీద ఆనించి చిన్న సుత్తితో నెమ్మదిగా తట్టండి. రివెట్ మరీ అరిగిపోతే ఒక తల ఆకురాయితో అరగదీసి, తోసేసి, అదే మందం పిన్ను వెయ్యాలి.

పిడికి అవిసె నూనె. కొబ్బరి నూనె, వేరుశనగ నూనె ఎందుకు కాదు? అవి ఆరవు, జిడ్డుగా మిగిలి వాసనొస్తాయి. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టి పొరగా మారుతుంది. ఆ మార్పులో వేడి పుడుతుంది కాబట్టి నూనె గుడ్డని ఉండ చుట్టి పడేస్తే దానంతట అదే అంటుకోవచ్చు. విప్పి పరిచి ఆరబెట్టండి.

పదును చివర్లో పెట్టాలి. తడి సాన రాయి మీద, ఒక్కోవైపు సుమారు 20 డిగ్రీల వాలు. స్పీడుగా తిరిగే పొడి గ్రైండర్ వద్దు. అంచు నీలం రంగుకి తిరిగిందంటే ఉక్కు వేడెక్కి దాని గట్టిదనం పోయినట్టే. పాత కమ్మరి పోసిన పదును రెండు క్షణాల్లో ఆవిరి.

చివరిగా ఒక్క మాట. ఈ చాకు బతికింది బలంగా ఉన్నందుకు కాదండీ, విప్పగలిగేలా ఉన్నందుకు. చేసినవాడికి తెలిసిన రహస్యం వాడేవాడికీ తెలుసు. ఇప్పుడు చేతిలో ఉన్న ఫోన్ చూడండి, బ్యాటరీ మార్చాలన్నా జిగురు కరిగించాలి. వస్తువు మనదే, కానీ దాని లోపలికి మనకి దారి లేదు. బాగుచేయడమంటే కొత్తగా మార్చడం కాదు, ఇంకో పాతికేళ్ళు అరగడానికి దానికి వీలు కల్పించడం.

మీ ఇంట్లో తాతల నాటి చాకో, కత్తిపీటో, అడకత్తెరో ఉంటే దాని మీద ముద్ర ఉందేమో చూసి కామెంట్‌లో రాయండి. చాకు జేబులో పెట్టుకుని మాత్రం విమానం ఎక్కడానికి వెళ్ళకండి! వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.