దొమ్మ టీకా: నమ్మినవారు, నమ్మనివారు



వూళ్లోకి టీకాల వాళ్లు వచ్చారనగానే మందలో సగాన్ని దూరపు బీటికి తోలేసేవారు ఇప్పటికీ వున్నారు. "టీకా వేస్తే గొర్రె చిక్కిపోతుంది" అంటారు వొకరు. "చూడి గొర్రెలు ఈసుకుపోతాయి" అంటారు మరొకరు. "పోయినేడు వేయించాం గదా, అయినా చచ్చాయి" అంటారు ఇంకొకరు. ఈ మాటలు అనేవారిని తెలివితక్కువవారని తీసిపారేయడం తగదు. గొర్రె వారి సొత్తు. పోతే పోయేది వారిది. సందేహం అక్కడినుంచే పుడుతుంది.

అసలు ఈ సందేహం నిన్న మొన్నటిది కాదు. దొమ్మ టీకా పుట్టిననాడే దానిమీద సందేహమూ పుట్టింది. ఆ రెండూ పట్టపగలు, నలుగురి ఎదుట, వొక గొర్రెల దొడ్డిలో తలపడ్డాయి. ఆ సంగతి ఈనాడు చెప్పుకుందాం. చదువుకున్నవారు ఈ కథను సగం చెప్పి ఆపేస్తారు. మనం రెండో సగం కూడా చెప్పుకోవాలి. రైతుకు పనికివచ్చేది ఎక్కువగా ఆ రెండో సగంలోనే వున్నది.

ముందు రోగం సంగతి. దొమ్మ రోగాన్ని వైద్యులు ఆంత్రాక్స్ అంటారు. సాయంత్రం మేసి వచ్చిన గొర్రె తెల్లారేసరికి కాళ్లు చాచి పడి వుంటుంది. ముక్కునుంచి, నోటినుంచి, మలద్వారం నుంచి నల్లని నెత్తురు కారవచ్చు. ఆ నెత్తురు తొందరగా గడ్డకట్టదు. ఫ్రాన్సు దేశంలో బోస్, బ్రీ అనే ప్రాంతాలు గోధుమకూ గొర్రెలకూ పేరు పొందినవి. అక్కడ కొన్ని పొలాలలో మంద దిగితే చాలు, గొర్రెలు టపటపా రాలిపోయేవి. ఆ పొలాలకు శాపం తగిలిందని రైతులు అనుకునేవారు. శాపం కాదు, కారణం మట్టిలో వున్నదని 1876లో జర్మనీ వైద్యుడు రాబర్ట్ కాక్ గారు చూపించారు. దొమ్మ క్రిమికి గాలి తగిలితే గట్టి విత్తనం వంటి రూపం ధరిస్తుంది. దాన్ని స్పోరు అంటారు. ఎండకూ, చలికీ, కరువుకూ అది చావదు. ఏళ్ల తరబడి నేలలో పడి వుండి, మేతతోపాటు గొర్రె కడుపులోకి పోతుంది.

ఇక టీకా. 1880లో తూలూజ్ పట్టణపు పశువైద్యుడు తూసాన్ గారు రోగపు నెత్తురును వేడి చేసి, కొంచెం కార్బాలిక్ ఆమ్లం కలిపి గొర్రెలకు ఎక్కించి చూశారు. కొన్ని బతికాయి, కొన్ని చచ్చాయి. 1881 ఫిబ్రవరి 28న లూయీ పాశ్చర్ గారు పారిస్ విద్వత్సభలో మరో పద్ధతి ప్రకటించారు. దొమ్మ క్రిమిని 42, 43 డిగ్రీల వేడిలో, గాలి తగిలేటట్లు పెంచితే దాని కోర మొద్దుబారుతుందనీ, అట్లా మొద్దుబారిన క్రిమిని ఎక్కిస్తే గొర్రెకు రోగం రాదనీ ఆయన చెప్పారు.

నమ్మినవారు నమ్మారు. నమ్మనివారు పశువైద్యులలోనే ఎక్కువమంది వున్నారు. వారిలో మెలన్ పట్టణపు పశువైద్యుడు రొసిన్యోల్ గారు వొకరు. క్రిములను దేవుళ్లను చేసి కొలవడం ఈ కాలపు వేలంవెర్రి అని ఆయన పత్రికలో ఎకసెక్కం చేశారు. అయితే ఎకసెక్కంతో ఆగిపోలేదు. "అంత గొప్ప మందే అయితే మా వూరు వచ్చి, మా అందరి ముందు చేసి చూపించండి" అన్నారు. మెలన్ వ్యవసాయ సంఘంవారు చందాలు వేసి 60 గొర్రెలు ఇస్తామన్నారు. పుయీ-ల-ఫోర్ గ్రామంలో రొసిన్యోల్ గారి సొంత కమతమే పరీక్షాస్థలం. పాశ్చర్ గారు ఒప్పుకొని, ఏమి చేసేదీ, ఏమి జరగబోయేదీ ముందే కాగితం మీద రాసి ఇచ్చారు. తప్పితే దాచుకునే చోటు లేదు.

ఏర్పాటు చూడండి. 60 గొర్రెలలో 10 వేరుగా వుంచారు, వాటి జోలికి పోలేదు. మిగిలిన 50లో రెంటి స్థానంలో రెండు మేకలను పెట్టారు. 24 గొర్రెలకూ, ఒక మేకకూ, 6 పశువులకూ టీకా. 24 గొర్రెలూ, ఒక మేకా, 4 పశువులూ టీకా లేకుండా. మే 5న మొదటి టీకా, మే 17న రెండోది. మే 31న అందరికీ, అంటే వేసినవాటికీ వేయనివాటికీ, బతికిన దొమ్మ క్రిమిని సూదితో ఎక్కించారు. ఆ రోజున నమ్మని పశువైద్యులు పక్కనే నిలబడి షరతులు పెట్టారు. సీసా బాగా కుదపమన్నారు, క్రిములు అడుగున దిగిపోయి వుంటాయని. మోతాదు పెంచమన్నారు. ఒకటి టీకా గొర్రె, ఒకటి టీకా లేని గొర్రె, ఇట్లా మార్చి మార్చి పొడవమన్నారు. పాశ్చర్ గారు అన్నింటికీ సరేనన్నారు.

జూన్ 2 మధ్యాహ్నం జనం తిరునాళ్లకు వచ్చినట్లు వచ్చారు. రైతులు, పశువైద్యులు, అధికారులు, లండన్ పత్రిక విలేకరితో సహా. టీకా లేని గొర్రెలలో 21, వాటితోపాటు మేకా, అప్పటికే చచ్చి వరసగా పడి వున్నాయి. రెండు అందరూ చూస్తుండగా పోయాయి. చివరిది ఆ సాయంత్రం పోయింది. టీకా లేని నాలుగు పశువులు చావలేదు గాని వాటికి వొళ్లు వాచి జ్వరం వచ్చింది. టీకా వేసినవన్నీ నిలబడి వున్నాయి. తరవాత వాటిలో ఒక చూడి గొర్రె చచ్చింది. కోసి చూస్తే కడుపులో పిల్ల అంతకు ముందే చచ్చి వున్నది. రొసిన్యోల్ గారు కళ్లారా చూసి ఒప్పుకున్నారు.

మొదటి సగం ఇది. ఇక రెండో సగం.

టీకా పేరు మోగిపోయింది. సీసాలు ఫ్రాన్సులోనే గాక పరదేశాలకూ పోయాయి. కాని 1882లో ఫిర్యాదులు రావడం మొదలయింది. కొన్ని మందలలో టీకా సూదే గొర్రెను చంపింది. మరికొన్నింటిలో టీకా వేసినా రోగం వచ్చింది. ఇటలీలో ట్యురిన్ పశువైద్య కళాశాలవారు పరీక్ష చేస్తే టీకా వేసినవీ వేయనివీ కలిసి చచ్చాయి. మీరు ఎక్కించిన నెత్తురు చచ్చి ఒక రోజు దాటిన గొర్రెది, అందులో కుళ్లు క్రిమి కూడా చేరింది, చంపింది దొమ్మ కాదు అని పాశ్చర్ గారి జవాబు. మీరు చూడకుండానే తీర్పు చెబుతున్నారని ట్యురిన్ వారి జవాబు. మాట మాట పెరిగి ఏడాదికి పైగా ఉత్తరాలూ పుస్తకాలూ నడిచాయి.

ఇంతలో రాబర్ట్ కాక్ గారు రంగంలోకి దిగారు. 1882 సెప్టెంబరులో జెనీవాలో జరిగిన సభలో ఇద్దరూ ఎదురుపడ్డారు. ఫ్రాన్సు, జర్మనీ దేశాలు అంతకు కొద్ది ఏళ్ల ముందే యుద్ధం చేసుకున్నవి గనుక ఆ తగాదాలో దేశాభిమానమూ కలిసింది. దాన్ని పక్కన పెట్టి కాక్ గారి మాటలలో సారం చూద్దాం. ఒకటి, ఈ టీకా అన్ని సీసాలలో ఒకే బలంతో లేదు, శుద్ధమూ కాదు. రెండు, బాగా జరిగినచోట్ల లెక్కలే చెబుతున్నారు, చెడినచోట్లవి చెప్పడం లేదు. మూడు, గొర్రెకు రోగం సూదితో రాదు, మేతతో వస్తుంది. అందుచేత మేతతో ఎక్కించి కూడా పరీక్షించాలి. క్రిమి కోర మొద్దుబార్చవచ్చుననే అసలు విషయాన్ని మాత్రం ఆయన కాదనలేదు.

ఎవరిది ఒప్పు? ఇద్దరిదీ కొంత కొంత ఒప్పు. 1894లో పాశ్చర్ గారి శిష్యుడు షాంబర్లాండ్ లెక్క ప్రకటించారు. పన్నెండేళ్లలో 30 లక్షలకు పైగా గొర్రెలకు టీకా పడింది. అంతకు ముందు నూటికి పది దాకా చస్తాయని అనుకునే చోట, నూటికి ఒకటి పోయింది. లెక్క కట్టినవారు టీకా తయారుచేసినవారే గనుక ఆ అంకెను కొంచెం తగ్గించి తీసుకున్నా, లాభం కళ్లకు కనబడేదే. అట్లాగని సీసాల బలం సమంగా లేదన్న మాటా నిజమే.

ఇంకొక సంగతి చాలా ఏళ్లకు బయటపడింది. పాశ్చర్ గారి ప్రయోగశాల నోటు పుస్తకాలు 1964లో పారిస్ జాతీయ గ్రంథాలయానికి చేరాయి. వాటిని చదివి అమెరికా చరిత్రకారుడు జెరాల్డ్ గీసన్ 1995లో వొక పుస్తకం ప్రచురించారు. పుయీ-ల-ఫోర్‌లో వాడినది గాలి తగిలించిన టీకా కాదు, షాంబర్లాండ్ పొటాషియం డైక్రోమేట్ అనే మందు కలిపి తయారుచేసిన టీకా అని ఆ పుస్తకాలలో రాసి వున్నది. జనం మాత్రం ముందు ప్రకటించిన టీకానే చూశామని అనుకున్నారు. గొర్రెలు బతికిన మాట నిజమే, అందులో మోసం లేదు. కాని ఏ మందు వాడారో ఆనాడే చెప్పి వుంటే బాగుండేది. పని చేసే మందుకు దాపరికం అవసరం లేదు. దాచిన సంగతి నూరేళ్లకైనా బయటపడి, మంచి పనిమీద కూడా మచ్చ వేస్తుంది.

సీసాల బలం ఎందుకు సమంగా లేదో 1980లలో స్పష్టమయింది. దొమ్మ క్రిమికి రెండు ఆయుధాలు. ఒకటి విషం, రెండోది వొంటిమీది కవచం. పాశ్చర్ గారి వేడికి క్రిమి తన విషం తయారుచేసే శక్తిని పోగొట్టుకునేది. అయితే ఆ విషంలోని ఒక భాగాన్ని చూసే గొర్రె శరీరం రక్షణ నేర్చుకుంటుంది. అంటే వేడిలో శక్తి పోని క్రిములు ఎక్కువ మిగిలితే టీకా కరిచేది, అవి మరీ తక్కువైతే టీకా పనిచేసేది కాదు. కత్తి అంచుమీద నడకన్నమాట.

ఈ చిక్కు విడదీసినవారు దక్షిణాఫ్రికాలో ఆండర్‌స్టపోర్ట్ పశువైద్య సంస్థలో పనిచేసిన మాక్స్ స్టెర్న్ గారు. 1930లలో ఆయన కవచం లేని దొమ్మ క్రిమిని పట్టుకున్నారు. దానికి విషం వున్నది, కవచం లేదు. కవచం లేని సిపాయిని శరీరం తేలికగా పడగొడుతుంది, పడగొడుతూ పాఠం నేర్చుకుంటుంది. లోకంలో చాలా దేశాలలో ఈనాడు పశువులకు వేసే దొమ్మ టీకా స్టెర్న్ గారి వంగడమే. "మీ సీసా సరిగా లేదు" అని నాడు ఎత్తిచూపినవారు లేకపోతే, ఇంతకంటె మంచి టీకా కోసం ఇన్నేళ్లు వెతికేవారా?

మన సంగతికి వద్దాం. ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాజధానిలో వున్న రోజులలో, 1932లో, రాణిపేటలో పశువుల టీకామందుల సంస్థ వెలసింది. హైదరాబాదులోనూ అటువంటి సంస్థ వున్నది. టీకా మనకు అందుబాటులో వున్నది. దొమ్మ కూడా మన నేలను విడిచిపోలేదు. విశాఖ మన్యంలో చచ్చిన పశువును కోసినవారికీ, ఆ మాంసం ముట్టినవారికీ ఈ రోగం సోకిన సందర్భాలు వున్నాయి. కనుక ఇది గొర్రెల లెక్క మాత్రమే కాదు, ఇంటిల్లిపాది ప్రాణాల లెక్క.

"పోయినేడు వేయించినా చచ్చాయి" అని రైతు అంటే, విస్తరణ పనివారు చిరాకు పడవద్దు. కూర్చుని నాలుగు ప్రశ్నలు అడగండి. టీకా వేసిన ఎన్నాళ్లకు చచ్చింది? వేసిన మర్నాడే రక్షణ రాదు, రెండు మూడు వారాలు పడుతుంది. ఏడాది దాటిందా? దొమ్మ టీకా ఏటేటా వేయించాలి. సీసా చల్లగా వుంచారా, ఎండలో తిరిగిందా? ఇది ప్రాణమున్న టీకా, ఆ రోజులలోనే పెన్సిలిన్ వంటి సూది వేశారా? వేస్తే టీకా క్రిమి చచ్చిపోయి వుంటుంది. అన్నిటికంటె ముఖ్యం, చచ్చింది దొమ్మతోనేనా? చిటుక రోగంతోనూ గొర్రె హఠాత్తుగా పడిపోతుంది, గొంతువాపుతోనూ పశువు పోతుంది. ఒక రోగం టీకా మరో రోగాన్ని ఆపదు. ట్యురిన్ తగాదా అంతా ఈ ఒక్క ప్రశ్న మీదనే గదా నడిచింది. జవాబులు పుస్తకంలో రాసి పశువైద్యునికి చేర్చండి. టీకాదే లోపమైతే ఆ మాట కూడా దాచకుండా రాయండి.

రైతులకు ఒక మనవి. హఠాత్తుగా చచ్చి, నెత్తురు కారుతున్న పశువును కోయవద్దు, తోలు తీయవద్దు, కుక్కలకు వేయవద్దు. కోస్తే గాలి తగిలి స్పోర్లు పుడతాయి, ఆ చోటు ఏళ్ల తరబడి మందకు పనికిరాదు. పశువైద్యునికి కబురు పెట్టండి. ఆయన చెప్పినట్లు కాల్చడమో లోతుగా పూడ్చడమో చేయండి.

రొసిన్యోల్ గారిది గట్టి సందేహం. ఆయన దాన్ని దొడ్డిలోకి తెచ్చి, లెక్క పెట్టించి, ఫలితానికి తల వంచారు. మీకూ సందేహం వుంటే అట్లాగే అడగండి. మందను బీటికి తోలేస్తే సందేహం తీరదు. వానలకు ముందు, టీకాల వాళ్లు వచ్చిన రోజున, దొడ్డి దగ్గర నిలబడి అడగండి. ఏ టీకా, ఎప్పటిది, ఎట్లా తెచ్చారు, మళ్లీ ఎప్పుడు వేయించాలి అని అడగండి. జవాబు చెప్పడం మా విధి. విని, మందకు టీకా వేయించడం మీ మేలు.