బ్రేకు లైటు స్విచ్చి, ముద్దేనహళ్లి పెద్దాయన

మా చిక్కబళ్లాపురం ఇంట్లో తాత కొన్న ఫియట్ 1100 డి ఇంకా ఉంది. పోయిన సంక్రాంతికి బాగేపల్లిలో చుట్టాలింటికి పోయి రాత్రి తిరిగొస్తుంటే, వెనక బండిలో ఉన్న మామ ఫోన్ చేసినాడు. "మీ బ్రేకు లైటు వెలగట్లేదురా, రెండుసార్లు గుద్దేసేవాణ్ణి" అన్నాడు. హైవే మీద అది చిన్న సంగతి కాదు. ఇంట్లో "ఇంక అమ్మేద్దాం" అనే మాట మొదలైంది.

మాకు మనసొప్పలేదు. ఆ కారు వెనక మన సీమ కథ ఒకటుంది. పక్కనే ముద్దేనహళ్లిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారి పూర్వీకులు ఆంధ్రలోని మోక్షగుండం నుంచి వచ్చినవాళ్లు. 1912 నుంచి 1918 దాకా మైసూరు దివానుగా చేసిన ఆయన, 1935లో యూరపు, అమెరికా పోయి అక్కడి కార్ల ఫ్యాక్టరీలు చూసొచ్చి, మన దేశంలోనే కార్లు తయారు చేయాలని పథకం రాసినారు. అప్పటి ప్రభుత్వం నుంచి ఆసరా దొరకలేదు. అదే పట్టుదలతో వాల్‌చంద్ హీరాచంద్ 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టినారు. మా ఫియట్ ఆ కంపెనీదే. ఆ తర్వాత అదే కారు పద్మిని అయింది.

పగటిపూట నిదానంగా చింతామణిలో ఒక పాత మెకానిక్ దగ్గరికి తీసుకుపోయినాము. "ఇంత స్విచ్చికి కారు అమ్మేస్తారేమప్పా?" అని నవ్వినాడు. పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్ ఒత్తిడికి స్విచ్చి లోపలి పొర కదిలి, రెండు కొనల్ని కలుపుతుంది, లైటు వెలుగుతుంది. ఆయన ఆ రెండు వైర్లను స్విచ్చి నుంచి తీసి ఒకదానికొకటి తాకించినాడు. లైటు వెలిగింది. అంటే బల్బు, వైరు, ఫ్యూజు అన్నీ బాగున్నట్టే, తప్పు స్విచ్చిదే. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో మేము రోజూ చేసేదీ ఇదే: ముందు తప్పును వేరు చేసి పట్టుకోవాలి.

కొత్త స్విచ్చి బెంగళూరు జె.సి. రోడ్డులో దొరికింది. బిగించినాక ఆయన బ్రేకు పైపుల్లో చేరిన గాలిని తీసి, ఆయిల్ నింపి, పెడల్ గట్టిగా ఉందో లేదో చూసినాడు. ఆ పని వదిలేస్తే లైటు వెలిగినా బండి ఆగదు.

ఇంటికొచ్చినాక నాయన కారు వెనక నిలబడి, "తొక్కండ్రా" అన్నాడు. ఎర్రగా వెలిగింది. అమ్మే మాట మళ్లీ రాలేదు.

మీ ఇళ్లల్లో పాత బండి ఉంటే, ఈ రాత్రే ఒకరిని వెనక నిలబెట్టి బ్రేకు తొక్కి చూడండి.