జట్టునకు బలము నేలయా, గురువా?



నేడు నేను ముచ్చటింపబోవు విషయము ఫుట్‌బాలు ఆటను గూర్చినది. పెద్దలలో కొందఱు "ఈ వయస్సున మాకు బంతియాటల ముచ్చట యేల?" యని యనుకొనవచ్చును. కాని యిది బంతిని గూర్చిన కథ మాత్రమే కాదు. ఓటమి కలిగినప్పుడు నింద నెవరిపై మోపవలెనను ప్రశ్నను గూర్చిన కథ. ఆ ప్రశ్న పంచాయతీలోను, బడిలోను, ఇంటిలోను మనకు నిత్యము ఎదురగుచునే యుండును. అరువది యేండ్ల క్రిందట నేను దానికి తప్పు సమాధానము చెప్పితిని. కావున నా తప్పుతోనే ప్రారంభింతును.

1962వ సంవత్సరము వర్షాకాలమున నేను రాజమహేంద్రవరమున నొక కళాశాలలో చదువుచుంటిని. ఆగస్టు నెలలో మా జట్టునకును, గోదావరి ఆవలి యొడ్డునుండి వచ్చిన మఱియొక కళాశాల జట్టునకును పోటీ జరిగెను. ఆడినది మా నేలమీదనే. చూడవచ్చిన వారందఱును మావారే. అయినను మూడు గోలుల తేడాతో మేమే యోడితిమి.

ఆ రాత్రి వసతిగృహమున నెవరికిని నిద్రలేదు. రెండు పక్షములు బయలుదేరినవి. ఒక పక్షమువారు తప్పంతయు ఆటస్థలముదే యనిరి. అది రేగడి నేల. నాలుగు చినుకులు పడినచో కాలు దిగబడును. ఎండకాసినచో బీటలు వాఱును. ఒక మూల నీరు నిలిచి బంతి కదలనే కదలదు. "మెరక తోలించి, చుట్టును గోడ కట్టించి, చూచువారు కూర్చుండుటకు మెట్లు వేయించినచో, మన నేలమీద మనల నోడింపగలవా డెవడు?" అని వారి వాదము. రెండవ పక్షమువారు, "ఆ బురదలోనే వారును ఆడిరి గదా! తప్పు డ్రిల్లు మాస్టారుది. ఆయనను మార్చవలెను" అనిరి. నేను రెండవ పక్షమున చేరితిని.

ఆ మాస్టారు ఏబది దాటినవారు. తెల్లవాఱకమునుపే సైకిలు వెనుక బంతి కట్టుకొని వచ్చెడివారు. ప్రతి దినము ఒక గంటసేపు ఆటగాండ్రచేత కేవలము ఎడమకాలితోనే బంతిని తన్నించెడివారు. కుడికాలు తగిలినచో ఆట నాపి మొదటినుండి ఆరంభింపుమనెడివారు. ఓడిన మఱునాడు మేము పోయి, "ఏమండీ మాస్టారూ, గోలు కొట్టుట నేర్పక యీ కుంటియాట యేమిటండీ?" యని యడిగితిమి. ఆయన కోపపడలేదు. "బాబూ, మీలో నొక్కరికిని ఎడమకాలు లేదు. అది వచ్చుటకు ఇంకొక యేడాది పట్టును" అనిరి. మేము బయటకు వచ్చి పకపక నవ్వితిమి. ఆ సాయంకాలమే ఆయనను తొలగింపవలసినదని విన్నపము వ్రాసితిమి. దానిమీద మొదటి వరుసలోనే నా సంతకమున్నది.

విన్నపము పై యధికారుల బల్లమీద నుండగనే, సెప్టెంబరు మొదటి వారమున పత్రికలలో గొప్ప వార్త వచ్చెను. జకార్తా నగరమున జరిగిన ఆసియా క్రీడలలో భారతదేశపు ఫుట్‌బాలు జట్టు స్వర్ణపతకము గెలిచినది. మేము పత్రికను గోడకు అంటించి, జేజేలు కొట్టుచు గోదావరి గట్టువఱకు ఊరేగింపుగా పోయితిమి. ఆ జట్టునకు గురువెవరని మాలో నొక్కడును అడుగలేదు. దసరా సెలవులు ముగిసి వచ్చునప్పటికి మా మాస్టారు లేరు. మఱుసటి యేడు క్రొత్త మాస్టారు వచ్చిరి. ఆటస్థలమునకు మెరక తోలించిరి. రెండు పక్షముల కోరికలును తీఱినవి. అయినను ఆ యేడును మేము ఓడితిమి.

పిమ్మట నేను ఉద్యోగరీత్యా హైదరాబాదు చేరితిని. అచట పాత ఆటగాండ్ర నోట, జకార్తాలో గెలిచిన జట్టు గురువును గూర్చి వింటిని. ఆయన పేరు సయ్యదు అబ్దుల్ రహీము. మన తెలుగునాట నివసించిన బడిపంతులు.

రహీము సాహెబు 1909లో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుకొనుచు ఆ జట్టున ఆడెను. తరువాత హైదరాబాదు బడులలో ఉపాధ్యాయుడై, వ్యాయామవిద్యయందును శిక్షణ పొందెను. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, జీవితాంతము ఆ పదవిలోనే యుండెను. ఆ కాలమున మన ఆటగాండ్రలో నొక దోషముండెను. బంతి చిక్కినవాడు దానిని తోటివాని కందింపక, తానొక్కడే త్రిప్పుకొనుచు పోయి మెప్పు పొందజూచును. రహీము దీనికి ఉపన్యాసములు చెప్పలేదు. బంతిని త్రిప్పుట నిషేధించి పోటీలు పెట్టెను. బంతి వచ్చినవెంటనే మఱియొకనికి అందింపవలసినదే. వేఱొక విధమగు పోటీలును పెట్టెను. వానిలో ఎవనికి ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే బంతిని తన్నవలెను.

ఈ చివరి మాట వినినప్పుడు నా గుండె కలుక్కుమనెను. మేము నవ్విన కుంటియాట ఇదియే గదా!

ఆటనేల మాటకు వత్తును. హైదరాబాదులో ఫతేమైదానమను స్థలమున్నది. 1687లో గోలకొండను ముట్టడించిన మొగలాయి సేన అచట విడిసినందున, వారి గెలుపునకు గుర్తుగా ఆ పేరు వచ్చినదందురు. హైదరాబాదు జట్లకు పేరుగల ఆటస్థలమది. అయితే రహీము తీర్చిదిద్దిన నగర పోలీసు జట్టు కీర్తి గడించినది ఎచట? 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పును గెలిచినది. ఆ పోటీలు జరిగినది బొంబాయిలో. 1950లోనే మోహన్ బగాను జట్టునోడించి డ్యూరాండు కప్పును గెలిచినది, అది ఢిల్లీలో. సొంత నేలమీద నేర్చినదానిని పరుల నేలమీద పండించిరన్నమాట.

స్థానబలము లేదని నేననను. మొసలికి నీరు బలమని మన పెద్దలెఱుగుదురు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో, మనవారి జయధ్వానముల నడుమ, రహీము శిక్షణలో మన జట్టు ఇరానును ఒక్క గోలుతో నోడించి స్వర్ణము గెలిచెను. ఆ మఱుసటి యేడే హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా మనల నోడించెను. ఎట్లు? మనవి ఒక్క గోలు, వారివి పది! ఆ చలిదేశమున మనవారు పలువురు వట్టికాళ్లతో ఆడిరి. దానితో దేశమున జోడు తొడిగి ఆడుటను విధిగా చేసిరి.

ఒక్కసారి ఆలోచింపుడు. మూడు గోలుల కొఱకు మేము గురువును వెళ్లగొట్టితిమి. తొమ్మిది గోలుల తేడాతో నోడిన గురువునే 1956లో మెల్బోర్ను ఒలింపిక్సునకు దేశము మరల పంపెను. రహీమును ఆ నడుమ ఊరకుండలేదు. 1953లో హంగరీవారు ఇంగ్లండును ఆరు మూడు గోలులతో నోడించిన పద్ధతిని పరిశీలించి, ముందువరుస నడిమి ఆటగానిని కొంత వెనుకకు నిలిపి ఆడించుట మనవారికి నేర్పెను. మెల్బోర్నులో మనవారు ఆస్ట్రేలియాను వారి నేలమీదనే నాలుగు రెండు గోలులతో నోడించి, నాలుగవ స్థానమున నిలిచిరి. హైదరాబాదు బిడ్డలగు అజీజు, నూరు మహమ్మదు, బలరాము మున్నగువారు ఆ జట్టులోనివారు. సికిందరాబాదు శివారున పేదయింట పుట్టిన బలరామునకు అభ్యాసమునకు వచ్చుటకు దారియే లేకుండెను. అద్దె సైకిలుకై దినమున కొక రూపాయి చొప్పున రహీము సాహెబే యిచ్చెనని బలరామే చెప్పియున్నాడు.

ఇక జకార్తా. ఇశ్రాయేలు, తైవాను దేశములను క్రీడలకు రానీయకుండుటను భారత ప్రతినిధి యొకడు విమర్శించెను. దానిపై అచటి ప్రజలు మనమీద మండిపడుచుండిరి. తుది పోటీనాడు, 1962 సెప్టెంబరు 4న, క్రీడాస్థలము నిండ దాదాపు లక్షమంది మనకు ప్రతికూలముగా కేకలు వేయుచుండిరి. మనకు జేజేలు కొట్టినవారిలో పాకిస్తాను హాకీ ఆటగాండ్రుండుట వింత. ఎదిరి దక్షిణ కొరియా. మొదటి పోటీలో మనల రెండు గోలులతో నోడించిన జట్టు. వెనుకవరుసలో కాపుండవలసిన జర్నైలు సింగునకు తలకు దెబ్బతగిలి కుట్లు పడియుండెను. రహీము అతనిని ముందువరుసకు మార్చెను. పి. కె. బెనర్జీ ఒక గోలు, జర్నైలు సింగు ఒక గోలు కొట్టిరి. రెండొకటిగా మనము గెలిచితిమి. ఆ దినమున మనకు నేల లేదు, జనము లేదు, గురువున్నాడు. ఆయనను అప్పటికే పుట్టకురుపు లోలోపల తినివేయుచుండెను. 1963 జూన్ 11న ఆయన మరణించెను.

తరువాతి కథ క్లుప్తము. ఆయన వేసిన విత్తనముల ఫలముగా ఆంధ్రప్రదేశ్ జట్టు 1965-66లో సంతోషు ట్రోఫీ గెలిచెను. ఆసియా క్రీడలలో మన పురుషుల ఫుట్‌బాలు జట్టు నేటివఱకు మఱియొక స్వర్ణము నెఱుగదు. నేలలకు మాత్రము కొదవలేదు. ఫతేమైదానమునకు 1967లో లాల్ బహదూరు శాస్త్రిగారి పేరు పెట్టిరి. గచ్చిబౌలిలో విశాలమైన క్రీడాస్థలము వెలసినది. దానికి మన కోనసీమ బిడ్డ, లోకసభ సభాపతిగా నుండి 2002లో హెలికాప్టరు ప్రమాదమున అసువులుబాసిన జి. ఎం. సి. బాలయోగిగారి పేరున్నది. 2024 డిసెంబరు 31న సంతోషు ట్రోఫీ తుది పోటీ అచటనే జరిగెను. ఆడినవి బెంగాలు, కేరళ జట్లు. నేల మనది, పేరు మనవానిది. ఆట మాత్రము పరులది.

పెద్దలారా, మీ యూరి బడికి ఆటస్థలము కావలెనన్నచో చందా లిండు. గోడ కట్టించుడు. అది మంచి పనియే. కాని మంచి చేను కొన్నంత మాత్రమున పంట యింటికి రాదని మీకంటె నెవరెఱుగుదురు? తెల్లవాఱుజామున సైకిలుపై వచ్చు పంతులొకడు మీ బడిలో నున్నచో, ఒక్క యోటమికే ఆయనమీద విన్నపము వ్రాయకుడు, పిల్లలను వ్రాయనీయకుడు. ఆయన ఇంకొక యేడాది గడు వడిగినచో, ఏల యడిగెనో కనుగొనుడు.

మా డ్రిల్లు మాస్టారిని నేను మరల చూడలేదు. ఆయనకు చెప్పవలసిన క్షమాపణ నా నాలుకమీదనే మిగిలిపోయినది. దానినే నేడు మీ యెదుట చెప్పుకొని సెలవు తీసికొనుచున్నాను.