పడక ఖాళీ లేదన్న రాత్రి

1992 జులై 8, రాత్రి 7.45. పశ్చిమ బెంగాల్‌లోని మథురాపూర్ స్టేషన్‌లో ఒక వ్యవసాయ కార్మికుడు రైల్లోంచి పడిపోయాడు. తలకు తీవ్రమైన గాయం. స్థానిక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సౌకర్యాలు లేవు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నారు.

ఇక్కడినుంచి గడియారం చూస్తూ చదవండి. 11.45కు కలకత్తాలోని ఎన్.ఆర్.ఎస్. వైద్య కళాశాల ఆసుపత్రి. ఎక్స్‌రేలు తీసి, వెంటనే చేర్చుకోవాలని వైద్యుడే రాశాడు. కానీ పడక లేదు. 12.20కి కలకత్తా వైద్య కళాశాల, అక్కడా పడక లేదు. ఒంటిగంటకు శంభునాథ్ పండిట్ ఆసుపత్రి, అక్కడ నరాల అత్యవసర విభాగమే లేదు. రెండింటికి నేషనల్ వైద్య కళాశాల, మళ్లీ పడక లేదు. ప్రైవేటుగా 1,310 రూపాయలు పెట్టి సి.టి. స్కాన్ తీయిస్తే మెదడు ముందుభాగంలో రక్తస్రావం కనబడింది. తెల్లవారాక మరో రెండు ప్రభుత్వ ఆసుపత్రులూ కాదన్నాయి. చివరికి ఒక ప్రైవేటు ఆసుపత్రి చేర్చుకుంది. అప్పటికి పద్నాలుగు గంటలు దాటాయి. మనిషి బతికాడు, అదే ఆశ్చర్యం.

ఎందుకు ఆశ్చర్యమో చూద్దాం. పుర్రె సాగని ఎముకపెట్టె. మెదడు, రక్తం, మెదడు చుట్టూ ఉండే ద్రవం దాన్ని పూర్తిగా నింపి ఉంటాయి. పుర్రె లోపలి చోటు మారదన్న సంగతిని ఎడిన్‌బరో వైద్యుడు అలెగ్జాండర్ మన్రో 1783లోనే గుర్తించాడు. లోపల రక్తం గూడుకడితే మొదట ద్రవం కొంత, సిరల్లోని రక్తం కొంత తప్పుకుని చోటిస్తాయి. అందుకే గాయపడినవాడు కాసేపు బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు. ఆ సర్దుబాటు అయిపోయాక మాత్రం పీడనం ఒక్కసారిగా పెరిగి, మెదడుకు రక్తం అందడం తగ్గిపోతుంది. అందువల్ల మరోచోటికి పంపేముందు శ్వాస ఆడేలా చూడడం, రక్తస్రావం ఆపడం, వెళ్లేచోట చికిత్స దొరుకుతుందో లేదో కనుక్కోవడం కూడా వైద్యంలో భాగమే.

గాయపడినవాడు ఎవరైనా పోలీసు కేసుతో నిమిత్తం లేకుండా ముందు ప్రాణం కాపాడాలని సుప్రీంకోర్టు 1989లోనే, పరమానంద్ కటారా కేసులో చెప్పింది. అక్కడ అడ్డుపడింది పోలీసు కేసన్న భయం. కలకత్తాలో అడ్డుపడింది పడక.

విచారణ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం 1995లో ఆసుపత్రులకు ఉత్తర్వులిచ్చింది. అవసరమైతే ట్రాలీ మీదనో, నేలమీదనో పడుకోబెట్టి అయినా చికిత్స చేయాలి. రోగి వచ్చిన సమయం రిజిస్టరులో స్పష్టంగా రాయాలి. ఇది గుమాస్తా పనిలా కనిపిస్తుంది కానీ, సమయం రాయనిచోట ఆలస్యాన్ని కొలిచేదెలా?

1996 మే 6న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. సకాలంలో చికిత్స అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును ఉల్లంఘించడమేననీ, డబ్బు లేదని ప్రభుత్వం తప్పించుకోరాదనీ చెప్పింది. 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. ఏ ఆసుపత్రిలో పడక ఖాళీ ఉందో వెంటనే తెలిపే కేంద్రీకృత సమాచార వ్యవస్థ కావాలంది.

2005లో హైదరాబాద్‌లో 108 అంబులెన్సులు మొదలయ్యాయి. ఫోను చేస్తే బండి రావడం ఒక సగం. తీర్పు అడిగింది రెండో సగాన్ని: ఆ బండి ఏ గుమ్మం ముందు ఆగాలో బయలుదేరేముందే తెలియడం.