మూకీ తెరపై సీతావియోగం: ‘లంకా దహన్’ – భద్రాచల దృశ్యసంప్రదాయం

చెదిరిన కుటుంబం తిరిగి ఒకటి కావడం మెలోడ్రామాకు ప్రధాన ఇతివృత్తం. భారతీయ మూకీ చిత్రం దీనిని తొలినాళ్లలోనే పురాణేతిహాసాల నుండి గ్రహించింది. దాదాసాహెబ్ ఫాల్కే 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ ద్వారా ఆలుబిడ్డలకు దూరమైన రాజు కథను, 1917లో ‘లంకా దహన్’ ద్వారా సీతారాముల ఎడబాటును తెరకెక్కించాడు.

‘లంకా దహన్’లో రాముడిగా, సీతగా నటించినది ఒక్కరే: అన్నా సాలుంకే. స్త్రీపాత్రలకు నటీమణులు లభించడం కష్టమైన కాలమది. ‘రాజా హరిశ్చంద్ర’లో తారామతి పాత్రధారి కూడా ఆయనే. దంపతులు చెరొకచోట ఉండే కథ కావడం ఈ ద్విపాత్రాభినయానికి అనుకూలించిందని భావించవచ్చు. లంకాదహన ఘట్టం నాటికి వారి పునస్సమాగమం ఇంకా జరగదు. రాముని ఉంగరం, సీత చూడామణి మాత్రమే వారిని కలుపుతాయి. మాటలేని తెరకు ఇటువంటి ఆనవాళ్లే సంభాషణలు.

ఆనవాళ్ల ద్వారా కథ చెప్పే ఈ పద్ధతి సినిమాకు పూర్వమే జనజీవనంలో ఉంది. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు ప్రాంతం అందుకు నిదర్శనం. సీతాపహరణం జరిగిన చోటుగా స్థలపురాణం చెప్పే పర్ణశాల భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడి రాళ్లపై చారలను సీత నారచీరలు ఆరవేసిన గుర్తులుగా యాత్రికులకు చూపుతారు. భద్రాచల గర్భాలయంలోనో, సీత రాముని ఎడమ తొడపై ఆసీనురాలై దర్శనమిస్తుంది. పర్ణశాలలో వియోగం, భద్రాచలంలో సంయోగం. రెండింటినీ భక్తుడు కంటితోనే చదువుకుంటాడు.

కనుక మూకీల ప్రేక్షకాదరణకు మూలాలను రంగస్థల నాటకాలతో పాటు ఇటువంటి క్షేత్రాల దృశ్యసంప్రదాయంలోనూ అన్వేషించవలసి ఉంది.