యాభై మంచాల గీత

అబిడ్స్ జీపీవో నుంచి నాంపల్లి స్టేషన్ వైపు నడిచేవాళ్ళకు ఇవాళ లాడ్జీలు, బట్టల షాపులు, ఫోన్ కవర్ల బండ్లు కనిపిస్తాయి. 1980ల్లో నేను గుంటూరులో నర్సింగ్ చదువు పూర్తిచేసి వచ్చేనాటికి ఈ సందుల్లో ఎటు చూసినా ఎర్ర ప్లస్ గుర్తు బోర్డులే. కింద మందుల షాపు, పై అంతస్తులో ఇరవై ముప్పై మంచాలు. ఈ చిన్న ఆసుపత్రులు ఇక్కడే ఎందుకు వెలిశాయంటే కారణం తేలిక. నాంపల్లి స్టేషన్ 1907 నుంచి ఉంది, జిల్లాల జనం రైలు దిగేది అక్కడ. ఉస్మానియా ఆసుపత్రి అఫ్జల్‌గంజ్‌లో, మెడికల్ కాలేజీ కోఠీలో. పొద్దున పెద్దాసుపత్రిలో చూసిన డాక్టరు సాయంత్రం అబిడ్స్‌లో కూర్చునేవారు. రోగి ఆయన వెనకే వచ్చేవాడు.

ఈ చుట్టుపక్కల వైద్యం చరిత్ర చెప్పేవాళ్ళు నిలోఫర్ ఆసుపత్రి దగ్గర మొదలుపెడతారు. అది న్యాయమే. ఏడో నిజాం కోడలు నిలోఫర్ దగ్గర పనిచేసిన రఫత్ ఉన్నీసా 1949లో పురిట్లో చనిపోయింది. ఇంకెవరికీ ఇలా జరగకూడదని రాకుమారి పట్టుబట్టింది. 1953లో రెడ్‌హిల్స్‌లో తల్లీబిడ్డల ఆసుపత్రి తలుపులు తెరిచారు. ఆమె భర్త మొజంజా పేరు మనం రోజూ మొజంజాహీ మార్కెట్ పేరులో పలుకుతూనే ఉంటాం. పనిమనిషి చావు ఒక ఆసుపత్రికి పునాది కావడం గొప్ప సంగతి. కానీ పురిటిగదిలో రాత్రంతా నిలబడేవాళ్ళ సంగతి ఎవరు రాశారు? 1946లో దేశ ఆరోగ్యాన్ని సర్వే చేసిన భోర్ కమిటీ లెక్కేస్తే దేశం మొత్తం మీద ఉన్న నర్సులు ఏడు వేలు. 43 వేల మందికి ఒకరు. ఆ ఒక్కరిని ఎలా నిలబెట్టుకోవాలన్న ప్రశ్న అప్పుడే పుట్టింది, ఇంకా తీరలేదు.

మా నర్సుల్లో చాలామందిమి మిషన్ ఆసుపత్రుల్లో చదివినవాళ్ళం. గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచారు. మా ఊళ్ళలో ఆడపిల్ల నౌకరీ చేయడమంటే చాలా ఇళ్ళల్లో మొదటి దారి నర్సింగే. నగరానికి వచ్చాక కేరళ అమ్మాయిలతో కలిసి ఒకే గదిలో ఉండేవాళ్ళం. డ్యూటీ పన్నెండు గంటలు. నేను చేరిన చోట మా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. మధ్యలో మానేస్తే బాండు డబ్బు కట్టాలి. రాత్రిపూట అంతస్తు మొత్తానికి ఒక సిస్టరు, ఒక ఆయా. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం మామూలు ఆసుపత్రిలో ఐదుగురు రోగులకు ఒక నర్సు ఉండాలి. ఆ కాగితం మా మేడ మెట్లు ఎక్కలేదు.

పక్షవాతం వచ్చిన మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. వీపు తుడవాలి, మడమలు చూడాలి, ముక్కులోని ట్యూబులో ఎంత పోశామో రాయాలి. ఒక్క రాత్రి తిప్పడం మరిస్తే నడుం దగ్గర చర్మం ఎర్రబడుతుంది. వారం తిరిగేసరికి గుంట పడుతుంది. మాత్ర వేయడం కన్నా ఇది కష్టమైన విద్య. బిల్లులో మాత్రం దీనికి గడి లేదు. మంచానికి రోజు అద్దె, మందులు, డాక్టరు విజిట్, ఆపరేషన్ థియేటర్ అన్నీ ఉంటాయి. మా గంటలు ఆ అద్దెలోనే కలిసిపోయేవి.

ప్రైవేటు ఆసుపత్రులను రిజిస్టరు చేయాలని ఉమ్మడి రాష్ట్రం 2002లో చట్టం చేసింది. నియమాలు 2007లో వచ్చాయి. అదే ఏడాది ఏప్రిల్ 1న రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో, పేదలకు ఉచితంగా పెద్ద వైద్యం చేయించే ఆరోగ్యశ్రీ మొదలుపెట్టింది. అప్పటిదాకా తాళిబొట్టు తాకట్టుపెట్టి గుండె ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళను నా కళ్ళతో చూశాను. తెల్లకార్డు పట్టుకుని వచ్చి కాలరెత్తుకుని వార్డులో పడుకున్న రైతును కూడా చూశాను. ఆ పథకానికి నేనెప్పుడూ చేతులెత్తి మొక్కుతాను.

అయితే అందులో చేరాలంటే ఆసుపత్రికి కనీసం యాభై మంచాలు ఉండాలన్నారు. అబిడ్స్ మేడల్లో అన్ని ఎక్కడివి? బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు పెద్ద ఆసుపత్రులు అప్పటికే లేచాయి. జూబ్లీహిల్స్‌లో అపోలో వచ్చింది 1988లోనే. మా సందుల్లో బోర్డులు ఒక్కొక్కటే దిగిపోయాయి. నేనూ ఒక పెద్ద ఆసుపత్రికి మారాను. అక్కడ కొత్త పని నేర్చుకున్నాను: కేస్ షీటు ఫొటోలు, ప్రీఆథ్ అనే ముందస్తు అనుమతి దరఖాస్తు, అప్రూవల్ కోసం ఎదురుచూపు. ఆపరేషన్‌కు ఇంత అని ప్యాకేజీ. డిశ్చార్జి అయ్యాక పది రోజుల మందులు కూడా అందులోనే. పదకొండో రోజు ఇంట్లో నర్సు సాయం సంగతి మాత్రం అందులో లేదు. మెదడు ఆపరేషన్ అయిన తండ్రిని స్ట్రెచర్ మీద దింపుకుంటూ నల్గొండ అబ్బాయి ఒకడు అడిగాడు: "అక్కా, ఇంటికి తీస్కపోయినంక ఎవరు జూస్తరు?" వాళ్ళమ్మకు ట్యూబులో పాలు పోయడం, పక్కకు తిప్పడం చేయించి చూపించి పంపాను. ఆ పూట నాకు తోచింది అంతే.

2011లో దేశంలో చాలాచోట్ల నర్సులు బాండ్లు, జీతాల మీద రోడ్డెక్కారు. బాండ్లు వద్దని కౌన్సిల్ ఆ ఏడే చెప్పింది. జీతాల మీద సుప్రీంకోర్టు 2016 జనవరి 29న కేంద్రాన్ని కమిటీ వేయమంది. రెండొందల మంచాలు దాటితే సర్కారు నర్సుతో సమానంగా ఇవ్వాలి, యాభై లోపు మంచాలున్నా నెలకు 20 వేలకు తగ్గకూడదు అని కమిటీ తేల్చింది. మళ్ళీ అదే యాభై. ఇది సిఫార్సు మాత్రమే, మన దగ్గర ఇవ్వనివాళ్ళను పట్టుకునే చెయ్యి లేదు.

ఆ పదకొండో రోజు మాట మా అక్క కూతురి దగ్గర మళ్ళీ విన్నాను. ఆమె అమెరికాలో స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీలో, అంటే ఆసుపత్రి నుంచి బయటపడ్డవాళ్ళను నర్సులు చూసుకునే చోట, నర్సు. అక్కడ 1965లో అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టిన మెడికేర్ అనే ఆరోగ్య బీమా ఉంది. ముసలివాళ్ళు ఆసుపత్రిలో వరసగా మూడు రోజులు ఇన్‌పేషెంటుగా ఉంటే, ఆ తర్వాత నర్సుల సంరక్షణకు వంద రోజుల దాకా సాయం చేస్తుంది. మొదటి ఇరవై రోజులు పూర్తిగా, తర్వాత రోగి వాటాతో. 'అబ్జర్వేషన్'లో ఉంచిన రోజులు ఆ మూడింటిలోకి రావు, ఆ పేచీతోనే కుటుంబాలు ఏడుస్తాయట. ఒక్కో రోగికి రోజుకు కనీసం 3.48 గంటల నర్సింగ్ ఉండాలని 2024లో నియమం తెచ్చారు. మరుసటి ఏడు టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టేసింది. "పిన్నీ, ఇక్కడా మనుషులు చాలడంలేదు, కాగితాలే ఎక్కువ" అంటుంది. నిజమే కావచ్చు. అయినా ఇంటికెళ్ళే ముందు నర్సు చేతి కింద గడిపే రోజులంటూ కొన్ని ఉంటాయని, వాటికి డబ్బు కట్టాలని ఒక దేశం రాసిపెట్టుకుంది. ఆ మాట నన్ను వదలదు.

ఇప్పుడు నాంపల్లి సందుల్లో హోమ్ కేర్ బోర్డులు లేస్తున్నాయి. నెలరోజులు కూడా శిక్షణ లేని అమ్మాయిలను పన్నెండు గంటల డ్యూటీకి పంపుతున్నారు. వాళ్ళకు నేర్పడానికి నేను సాయంత్రాలు వెళ్తున్నాను. తెలంగాణలో 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచారు. ఆ పెంచిన సొమ్ములో పక్షవాతం, తలదెబ్బ, తుంటి ఆపరేషన్ కేసులకైనా పది రోజుల మందుల పక్కన ముప్పై రోజుల నర్సు విజిట్లు చేర్చమని, విజిట్‌కు ఇంత అని విడిగా రేటు రాయమని అడుగుతున్నాను.